సిల్వీ వదిన నింపిన తొట్టి

మా సిల్వీ వదిన ఏటా పదకొండు ఇళ్ళను చలికాలానికి మూసిపెడుతుంది. బడి వంటశాల నుంచి రిటైరైనప్పటి నుంచీ, అంటే పంతొమ్మిదేళ్ళుగా, అదే ఆవిడ పని. అక్టోబరు చివరికల్లా సరస్సు ఒడ్డున ఉండేవాళ్ళు ఒక్కొక్కరే ఫ్లోరిడాకో అరిజోనాకో బయలుదేరతారు. వాళ్ళు కారెక్కగానే ఈవిడ వాళ్ళ ఇంట్లోకి దిగుతుంది. బావి పంపు ఆపి, కుళాయిలన్నీ తిప్పి వదిలి, కంప్రెసర్ తగిలించి పైపుల్లో చుక్క నీరు లేకుండా ఊదేస్తుంది. సింకుల్లోనూ టాయ్‌లెట్లలోనూ గడ్డకట్టని గులాబీరంగు మందు పోస్తుంది. ఖాళీ చేసిన ఫ్రిజ్ తలుపు మూసుకుపోకుండా చెక్క గరిటె అడ్డం పెడుతుంది. ఆవిడ మూసిన ఇల్లు ఏప్రిల్‌లో తెరిస్తే ఒక్క ఎలుక పెంట కూడా కనపడదని ఊరంతా చెప్పుకుంటారు. ఊరంతా అంటే, ఎక్కువగా ఆవిడే.

ఆవిడ సొంత ఇల్లు మాత్రం నలభై ఆరేళ్ళలో ఒక్క చలికాలం కూడా ఖాళీగా లేదు. మా అన్నయ్య ఈరో పోయి మూడేళ్ళయింది. అప్పుడు కూడా వదిన కదల్లేదు. పోయిన ఫిబ్రవరిలో గుమ్మం మెట్ల మీది మంచుకి జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకోసారి పడితే లేవడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. అరిజోనాలో ఉన్న వదిన చెల్లెలు రమ్మని పోరుపెట్టింది. నేను తోడొస్తానన్నాను.

"చలికి పారిపోయేవాళ్ళ ఇళ్ళు మూసి బతికేదాన్ని. నేనే పారిపోతే నా ఇల్లెవడు మూస్తాడే?" అంది వదిన.

"నువ్వే మూసుకో వదినా. కూలి కలిసొస్తుంది," అన్నాను.

ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా మొండికేసి, చివరికి ఒప్పుకుంది, ఒక షరతు పెట్టి. ఇంటికి ఏ చిన్న ఇబ్బంది వచ్చినా ఆ క్షణమే వెనక్కి వచ్చేస్తుందట, మళ్ళీ జన్మలో చలికాలం ఊరు దాటదట. వెనక్కి వస్తే మళ్ళీ ఆ మెట్లే, మళ్ళీ ఒంటరిగానే.

ఇక ఇల్లు మూయడం చూడాలి. ముప్ఫై ఒక్క అంశాల జాబితా రాసుకుంది. పదకొండు ఇళ్ళలో చేసిందంతా ఇక్కడ రెండేసిసార్లు చేసింది. పడకగది నేల కింద దూరి పైపు తడిమి చూడమని నన్ను పంపింది. యాభై తొమ్మిదేళ్ళ వయసులో బొద్దింకలా పాకాను. బయటికొచ్చాక, సరిగ్గా తడిమావా అని మళ్ళీ పంపింది.

శుక్రవారం మధ్యాహ్నం ఎదురింటి ఓన్నీ వచ్చాడు. ఓన్నీ మా అన్నయ్యకు అడవిలో కలప కొట్టే రోజుల నుంచీ స్నేహితుడు. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ బంధువుల ఇల్లు చూస్తానని చెప్పి పంపు ఆపడం మరిచిపోయాడు. ఫిబ్రవరికి ఆ వంటింటి నేల స్కేట్లు కట్టుకుని జారేంత మంచుగడ్డ అయింది. అప్పటి నుంచీ చర్చిలో కాఫీ దగ్గర కనపడ్డ ప్రతిసారీ వదిన, "స్కేట్లు తెచ్చావా ఓన్నీ?" అని అడుగుతుంది. తొమ్మిదేళ్ళుగా అదే మాట. అతను నవ్వి కాఫీ తాగుతాడు. ఏటా వదిన ఇంటికప్పు మీది మంచు అడక్కుండానే ఎత్తిపోసేది కూడా అతనే. ఎత్తిపోయడం వంకరగా ఉందని వదిన కింద నిలబడి చెబుతుంది.

"తాళంచెవి ఇచ్చి వెళ్ళు సిల్వీ. వారానికోసారి చూసిపెడతా," అన్నాడు ఓన్నీ.

"నువ్వు చూస్తేనే నా ఇంటికి ప్రమాదం."

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ సరస్సు ఒడ్డున ఉన్న మా అన్నయ్య సౌనా వైపు, ఆ ఆవిరిస్నానాల గది వైపు, కాసేపు చూశాడు. ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి శనివారం ఆ ఇద్దరూ అందులోనే కూర్చుని చెమట కార్చి, సరస్సులో దూకేవాళ్ళు. అన్నయ్య పోయాక వదిన అతన్ని పిలవలేదు, అతను అడగలేదు. సౌనాకి తాళం లేదు, మా వైపు ఎవరూ వెయ్యరు. అయినా పిలవందే ఎలా వెళ్తాడు?

ఆ సాయంత్రం ఆఖరి సౌనా మా ఇద్దరిదీ. అందులో పొయ్యి, దానికి ఆనుకుని నీళ్ళు కాగే తొట్టి, రెండూ పెళ్ళైన ఏడాది అన్నయ్య పాత బాయిలరు రేకుతో స్వయంగా అతికినవి. మా అన్నయ్య చేసిన బల్లలు ఊగుతాయి, తలుపులు పట్టవు. ఆ పొయ్యి, తొట్టి మాత్రం నిలిచాయి. వదిన ఏటా వాటికి నల్ల రంగు వేస్తుంది. నేను ఆవిరికి తట్టుకోలేక ముందే బయటికి వచ్చేశాను. వదిన తీరిగ్గా వచ్చింది.

శనివారం తెల్లవారుతూండగానే బయలుదేరాం. కార్లో వదిన జాబితా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. విస్కాన్సిన్‌లో ఒక హోటల్ దగ్గర భోజనానికి ఆగాం. టీవీలో వాతావరణం చెబుతున్నారు. ఈ రాత్రి నుంచీ మా వైపు గడ్డకట్టే చలి, వారమంతా వదలదట.

వదిన ఫోర్కు కింద పెట్టింది.

"ఇర్మా, తొట్టి నింపాను."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. సౌనాలో ఆఖరున స్నానం చేసినవాళ్ళు సరస్సు నుంచి బకెట్లతో నీళ్ళు మోసి, తర్వాత వచ్చేవాళ్ళ కోసం తొట్టి నింపి పోవాలి. నడక రాకముందే మా అమ్మలు మాకు నేర్పిన మర్యాద అది. వదిన చేతులు నలభై ఆరేళ్ళ అలవాటు కొద్దీ నింపేశాయి. ఆ పదకొండు ఇళ్ళలో ఎక్కడా అలాంటి తొట్టి లేదు కాబట్టి జాబితాలోనూ లేదు. నీళ్ళు గడ్డకడితే అన్నయ్య వేసిన అతుకు ఊడి, రేకు చీలిపోతుంది.

"కారు తిప్పు," అంది.

ఐదు గంటల దారి. తిప్పితే ఆవిడ మళ్ళీ బయలుదేరదని నాకు తెలుసు. కారు తాళాలు జేబులో వేసుకుని, ఓన్నీకి ఫోన్ చెయ్యమన్నాను.

"చస్తే చెయ్యను. తొమ్మిదేళ్ళు వాడిని ఏడిపించాను. ఇప్పుడు నేనే నీళ్ళు వదిలేశానని చెప్పుకోవాలా?"

"పోనీ నేను చెప్తా."

"నోరుమూసుకో," అని ఫోన్ లాక్కుంది. పదిసార్లు మోగాక అతను ఎత్తాడు. వదినకు వినపడదు కాబట్టి ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. హోటల్లో సగంమంది విన్నారు.

"ఎక్కడున్నావు?" అంది వదిన.

"ఎక్కడుంటాను? మీ సౌనాలో. శనివారం కదా." అతను ఆయాసపడుతున్నాడు. "పొద్దున ఇంటికప్పు సంగతి చూద్దామని వచ్చి లోపల తొంగిచూశాను. తొట్టి నిండుగా ఉంది. తాళంచెవి ఇవ్వకపోయినా, నాకోసం నీళ్ళు పెట్టి వెళ్ళావనుకున్నా. మూడేళ్ళయింది సిల్వీ. పొయ్యి ఎలా మండుతోందో చూడు, ఈరో ఉన్నప్పటిలాగే."

వదిన బల్ల మీద గుడ్డ తీసి ముక్కు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"నీకోసమే పెట్టాను," అంది చివరికి. "అయ్యాక మాత్రం అడుగు దాకా ఖాళీ చెయ్యి. అడుగున చిన్న బిరడా ఉంటుంది, అది తియ్యి."

"ఆ బిరడా నేనే బిగించాను, ఈరో పక్కన నిలబడి తిడుతుంటే."

"వచ్చే శనివారం మళ్ళీ నింపుకో. ప్రతి శనివారం. ప్రతిసారీ ఖాళీ చెయ్యి."

"స్కేట్లు తెచ్చుకోనా?" అన్నాడు ఓన్నీ.

నేను పగలబడి నవ్వితే బల్ల కింద నుంచి నా కాలు తొక్కింది. మా వదిన అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే. నీకోసమే పెట్టానన్న మాట అబద్ధమో కాదో కూడా, ఇప్పుడు ఆలోచిస్తే, నేను గట్టిగా చెప్పలేను.

భోజనం ముగించి పక్క వీధి పోస్టాఫీసులో ఒక కవరు కొంది. కోటు లోపలి జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి అందులో వేసి, ఓన్నీ చిరునామా రాసి పోస్టు చేసింది. ఉత్తరం ఏమీ పెట్టలేదు. జాబితా చివర ముప్ఫై రెండో అంశంగా "తొట్టి" అని రాసి, దాని ముందు టిక్కు పెట్టి, కారు తీయమంది.