రేపటి తేదీ పాలు

మా సెంటర్లో మాపటి పాలు సున్నా అని రిపోర్టులో వచ్చినాది. ఒక పూట కాదు, నెలంతా సున్నా.

మాది పుంగనూరు కాడ పల్లె. ఊరి పాల సెంటరు మా వసారాలోనే ఉండాది. పొద్దున ఒక తూరి, మాపటేళ ఒక తూరి ఊరోళ్ళు పాలు తెచ్చి పోస్తారు. ముందు మా ఇంటాయన పోయించుకుంటాండె. ఆయన పోయినాక ఆరేండ్లుగా నేనే. నా చదువు రెండో తరగతితో నిలిచిపోయినాది, అంకెలు మాత్రం తప్పు లేకుండా రాస్తాను. మనిషికొక నంబరు, నంబరు ఎదురుగా లీటర్లు, ఫ్యాటు. పేర్లు రాసే పనే లేదు. మాపటి పాలు కూలర్లో పెడతాం. తెల్లారి ఎనిమిదికి డెయిరీ ట్యాంకర్ వచ్చి, అవీ పొద్దుటివీ కలిపి ఎక్కించుకొని మదనపల్లెకు పోతాది. ఆరేండ్లలో ఒక్క దినం కూడా నా మీద ఒక మాట రాలేదు.

నెల కింద మదనపల్లె డెయిరీ ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేరు పెట్టినారు. అప్పుట్నుంచి సూపర్వైజరు నా బుక్కు తెరిచి సూసిన పాపాన పోలేదు. అంతకుముందు ఆయప్ప వచ్చి, బుక్కు తిప్పి, తలూపి, కాఫీ తాగి పోయేవాడు. ఇప్పుడు ఏమడిగినా రిపోర్టు అంటాడు. ఆ బుధవారం పొద్దున పాలు పోసే లైనంతా నిలబడుండంగా బండి దిగి, చేతిలో కాయితం నా ముందర ఆడించినాడు.

"నీ సెంటర్లో మాపటి పాలే లేవు గదమ్మా. మరి ట్యాంకర్‌లో ఎక్కతాండేవి ఎవురి పాలు?"

ఊరోళ్ళవే అంటే నమ్మలా. ఊరోళ్ళవైతే రిపోర్టులో ఉండాల గదా అన్నాడు. ట్యాంకర్ తూకం జాస్తి, సెంటరు లెక్క తక్కువ, మధ్యలో పెరిగిన పాలు బయట యాడనో కొని పోస్తాండావనేది ఆయప్ప మాట. నీళ్ళు కలిపినావంటే ఫ్యాటు సూసే మిషనే నా తరపున మాట్లాడేది. బయట పాలంటే ఏ మిషను చెప్పల్ల?

లైన్లో ముందరుండే పెద్దామె, పదో నంబరామె, చెంబు కింద పెట్టి అడిగింది. "దినామూ మాపటేళ మేం పోస్తాండేది ఏందప్పా, గంజా?"

ఎవురూ నవ్వలేదు. ఆయప్ప కాయితం మడిచి జేబులో పెట్టుకొని, సోమవారం నుంచి ట్యాంకర్ ఈ ఊరికి తిరగదని చెప్పి పోయినాడు. ట్యాంకర్ తిరగకపోతే ఆ లైనంతా క్యాన్లెత్తుకొని పుంగనూరు దాకా పోవాల. దానికంటే నాకు మండింది ఇంకోటి. మా ఇంటాయన పెట్టిన సెంటర్లో దొంగపాలు అనే మాట, అదీ ఊరోళ్ళ ముందర.

గురువారం పొద్దుటి పాలు ఎక్కించినాక మాపటి పని తోడికోడలికి అప్పజెప్పినా. బుక్కు నాతో తీసుకుపోవాల కాబట్టి ఆమెకు ఒక తెల్లకాయితం ఇచ్చి, దీంట్లో రాసి ఫోటో పంపు అని చెప్పి, మదనపల్లె బస్సెక్కినా. ఆఫీసులో గంటన్నర కూర్చోబెట్టినారు. ఆఖరికి ఒకాయన వచ్చి, కంప్యూటర్ నా పక్కకు తిప్పి, సోర్సులో లేదమ్మా అన్నాడు. సోర్సంటే ఏందప్పా అని అడిగినా. రిపోర్టుకు లెక్క యాడినుంచి వస్తాదో ఆ చోటంట. మదనపల్లె పక్క సెంటర్లకు మిషనే సోర్సంట. కుప్పం పక్కోళ్ళకు ఇంకేందో. మాకు మాత్రం పుంగనూరు ఆఫీసులో టైపు కొట్టే షీటు. ఆడ పోయి అడగమన్నాడు. నా బుక్కు తెరిచి ఆయన ముందర పెట్టినా. ఒక చేత్తో పక్కకు జరిపి, ఇది సోర్సు కాదమ్మా అన్నాడు. ఆవు ఈడ, పాలు ఈడ, రాసే మనిషి ఈడ, సోర్సు మాత్రం ఇంకో ఊర్లో.

మళ్ళా పుంగనూరుకు వచ్చినా. దినామూ మాపటేళ నేను పేజీకి ఫోటో తీసి పంపితే, టైపు కొట్టే ఆమె ఇంటికి పోకముందే దాన్ని షీటులో ఎక్కిస్తాది. ఆమె మంచిది. కుర్చీ వేసి, షీటు తెరిచి, నా సెంటరు వరసలు ఒక్కొక్కటీ వేలు పెట్టి సూపించింది. అన్నీ ఉండాయి. మాపటి లీటర్లన్నీ, ఒక్కటి పోకుండా.

"నేను కొట్టాల్సింది కొట్టినానక్కా. ఈన్నుంచి మదనపల్లెకు పోయే దావలో ఏమైతాదో నాకు తెలీదు" అన్నాది.

ఆ దావ వేసింది ఎవురని అడిగితే, కుప్పం ఆఫీసులో ఉద్యోగం చేసే ఒక పాపంట. ఫోన్ చేస్తే మీటింగులో ఉండాను అన్నాది. మళ్ళా చేస్తే మెయిల్ పెట్టమన్నాది. నేను మెయిల్ పెట్టే మనిషినా?

శుక్రవారం బుక్కు టవల్లో చుట్టి సంచిలో పెట్టుకొని బస్సెక్కినా. పుంగనూరులో ఒక బస్సు, పలమనేరులో ఒక బస్సు మారి, వి.కోట మీద కుప్పం చేరేసరికి నడుము విరిగినాది. మూడు బస్సులు, దినమంతా, ఒక కాయితం కోసం. ఆ పాప మేడ మీద ఒక గదిలో కంప్యూటర్ ముందర చిత్రాన్నం తింటాంది. నన్ను సూసి, మీరే వచ్చేసినారా అమ్మా అని లేచి నిలబడింది. నీ మీటింగు అయిపోయిందా అని అడిగినా. తల దించుకొని, చేయి కడుక్కొని వచ్చి, రిపోర్టు తెరిచింది.

వేలు పెట్టి వరసలు కిందికి జరిపింది. ఆమె మొగం మారింది.

"నెలంతా సున్నానే అమ్మా. నిన్న మాపటేళ మాత్రం అరవై రెండు లీటర్లు వచ్చినాయి. నిన్న ఏం చేసినారు?"

"నిన్న నేను ఊర్లోనే లేను."

చెప్పినాక నాకే తట్టినాది. నేనుండే దినాలు పాలు లేవు, నేను లేని దినం పాలు ఉండాయి. సూపర్వైజరు వింటే ఇంకేం గావాల? ఆ పాప అదంతా పట్టించుకోలేదు. నిన్న ఎవురు రాసినారు, దేంట్లో రాసినారు అని అడిగి, తోడికోడలు కాయితం ఫోటో ఒక పక్క, నా బుక్కు ఒక పక్క పెట్టుకొని సూసింది. పేజీలు వెనక్కి తిప్పింది. తర్వాత నన్ను బుధవారం మాపటి పాలకు ఏం తేదీ వేసినావని అడిగింది. గురువారం తేదీ అన్నా.

"ఎందుకమ్మా? పిండింది బుధవారం గదా."

"ఎక్కేది గురువారం బండి గదా."

మా ఇంటాయన పెట్టిన పద్ధతి అది. ట్యాంకర్ మొదట్లో వచ్చినప్పుడు డ్రైవరు చీటీకి, మా బుక్కుకు దినామూ కొట్లాట. చీటీలో ఒక తేదీ, బుక్కులో రెండు తేదీలు. ఒక పొద్దు ఆయన విసిగిపోయి, పాలు ఏ బండెక్కితే ఆ బండి తేదీనే వాటికి అని, మాపటి పేజీ నెత్తిన తెల్లారితే వచ్చే తేదీ వేసేసినాడు. ఆన్నుంచి కొట్లాట లేదు. నేను ఆయన పక్కన కూర్చోని నేర్చుకున్నా కాబట్టి అట్లే వేస్తాండా. తోడికోడలికి ఈ సంగతి చెప్పడం మరిచిపోయినా. గోడ మీద క్యాలెండర్ సూసి ఆ దినం తేదీ వేసేసింది ఆమె.

ఆ పాప నుదురు పట్టుకొని కూర్చుండిపోయింది. సోర్సు పెట్టేటప్పుడు ఆమే ఒక నియమం పెట్టిందంట. టైపు కొట్టేటప్పుడు తేదీలు తప్పు పడతాంటాయి, కాబట్టి ఇంకా రాని తేదీ ఏదైనా కనపడితే అది తప్పని లెక్క, తీసుకోకుండా వదిలెయ్యాల. ఒక తూరి వదిలేసిందాన్ని మళ్ళా తిరిగి సూడదంట. నా మాపటి పాలన్నీ ఆడ పడిపోతాండాయి, దినామూ, ఒక నెల.

"రేపటి తేదీ పాలు ఈపొద్దే పిండినామని దానికి చెప్పు" అన్నా.

"దానికి తెలీదు గదమ్మా."

"తెలీకపోతే అడగాల. పారేసేదేంది? పారేసి, మళ్ళా నన్ను దొంగ అనేదేంది?"

 నేను ఆడికి ఆపలా. ఒకరు ఫోటో తీసి పంపేది, దాన్ని ఇంకొకామె కొట్టేది, దాన్ని ఇంకో ఊరి నుంచి లాక్కునేది, ఇంతమంది చేతుల్లో పడే లెక్కకు ఒక్కరన్నా వచ్చి నా బుక్కు సూడొద్దా అని అడిగినా. సోర్సు పెట్టకముందు ఒక మాపటేళ మా వసారాలో కూర్చోనుంటే నీకే కనపడుండును అన్నా. వచ్చుండాల్సిందమ్మా అని మెల్లగా అన్నాది. ఆ మాటకు నా కోపం సగం దిగింది, సగం ఉండింది.

ఇంగ మీద ఏ పొద్దు పాలకు ఆ పొద్దు తేదీనే వేయమ్మా అని ఆమె అడిగింది. నేను బుక్కు మూసి ఒళ్ళో పెట్టుకున్నా. ఆయన చేతిరాత మొదటి పేజీల్లో ఇంకా ఉండాది, అన్నింటి నెత్తినా బండి తేదీ. మార్చనన్నా. నువ్వే మార్చు అన్నా.  ఆఖరికి ఆమే దారి చెప్పింది. పేజీ నెత్తిన రెండు తేదీలు వేసేది, పైన పిండిన తేదీ, దాని కింద బండి తేదీ. షీటులో ఒక గడి జాస్తి పెట్టి, సోర్సు పై తేదీని తీసుకొనేట్టు ఆమె చేసింది. పాత నెలకు మా సెంటరు మటుకు ఆ నియమం ఎత్తేసి, షీటునంతా మొదట్నుంచి మళ్ళా లాగింది. నా కళ్ళ ముందరే సున్నాలు పోయి అంకెలు వచ్చినాయి. యాభై ఎనిమిది, అరవై, యాభై ఐదు. వాన పడిన దినం నలభై తొమ్మిది. ఆ దినం నాకు గుర్తుండాది, పదో నంబరామె తడిసిపోయి వచ్చింది.

సూపర్వైజరుకు ఫోన్ చేసి ఆమే చెప్పింది. ట్యాంకర్ తూకంతో సరిపోయిందని, తప్పు సోర్సు పెట్టిన తనదేనని. సరే, ట్యాంకర్ పంపిస్తాలే అని ఆయప్ప పెట్టేయబోతాంటే ఫోన్ లాక్కున్నా.

"అప్పా, నువ్వు అనింది ఊరోళ్ళ ముందర. చెప్పేది కూడా ఊరోళ్ళ ముందరే చెప్పాల."

సోమవారం ఎనిమిదికి ట్యాంకర్ వచ్చింది. డ్రైవరు పక్కన ఆయప్ప కూర్చోనుండాడు. దిగి, కొత్త కాయితం నా చేతికిచ్చి కాఫీ అడిగినాడు. నాకు చదువు రాదు గదా, నువ్వే చదువు అని కాయితం వెనక్కి ఇచ్చేసినా. గొంతులోనే ఏందో గొణిగినాడు. లైన్లోంచి పదో నంబరామె, వినపడలేదప్పా, గట్టిగా అన్నాది. మొదటి తేదీ నుంచి ఎత్తుకొని మాపటి లీటర్లు ఒక్కొక్కటీ చదివినాడు. మధ్యలో డ్రైవరు రెండు తూర్లు హారన్ కొట్టినాడు. నెల లెక్కంతా చదివి ముగించేదాకా నేను ఒక్క క్యాను కూడా ట్యాంకర్‌కు ఎత్తలా.