నూట పన్నెండో పేజీ

డాక్టర్ నెలిదా ఉర్తుబేయ్ పాఠాలు చెప్పింది ఉదయాలూ సాయంత్రాలూ. పరిశోధన చేసింది మధ్యాహ్నాలు. తుకుమాన్‌లో ఒంటిగంట దాటితే కుక్కలు కూడా మొరగవు. కొట్లు మూసేసి, కిటికీ రెక్కలు దించేసి ఊరు ఊరంతా కునుకు తీస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆవిడ ఆ కునుకు ఎరగదు. వైద్య కళాశాలలో శవాల హాలు వెనక, ఒకప్పుడు ఎముకల పెట్టెలు పడేసే గది ఒకటుంది. ఊరు నిద్రపోయే ఆ నాలుగు గంటలూ అందులో గోదురు కప్పల మూత్రాశయాలతో గడిపింది. ఇప్పుడు అరవై అయిదు నిండాయి. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే మళ్ళీ కూర్చోవడానికి మోకాళ్ళు ఒప్పుకోవు.

పుట్టింది చక్కెర మిల్లు కాలనీలో. నాన్న చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర గుమాస్తా. ఆవిడకు ఎనిమిదేళ్ళప్పుడు మిల్లు మూతబడింది. కుటుంబం నగరానికి చేరింది, అమ్మ రైల్వే స్టేషన్ దగ్గర బుట్టలో మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ఎంపనాదాలు పెట్టుకుని అమ్మింది. ఆ ఎంపనాదాలు తిన్న డాక్టర్లను చూసే ఈ పిల్ల డాక్టరవుతానంది. మొదటి సంవత్సరంలో మగపిల్లలు బెదిరించడానికి ఆవిడ కోటు జేబులో శవం చెయ్యి ఒకటి పెట్టారు. ఆవిడ దాన్ని తీసి బల్లమీద పెట్టి, నరాలూ కండరాలూ పేరుపేరునా చెప్పి, "ఇది ఎడమది. కుడిది ఎవరి జేబులో ఉంది?" అని అడిగింది. ఆ తర్వాత ఎవరూ ఆవిడ జోలికి రాలేదు. పెళ్ళాడతానని కూడా ఎవరూ రాలేదని అంటారు గానీ అది అబద్ధం. ఒకాయన వచ్చాడు, ఆరేళ్ళున్నాడు, మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండే భార్య కావాలని వెళ్ళిపోయాడు.

ఆవిడ పట్టుకున్న ప్రశ్న చెప్పడానికి చాలా చిన్నది. ఒక కణానికి దెబ్బ తగిలితే పక్క కణానికి ఆ కబురు ఎలా తెలుస్తుంది? నోరు లేదు, చెయ్యి లేదు, అయినా రెండు నిమిషాల్లో పేటంతా తెలిసిపోతుంది. ఆ కబురు మోసేది ఫలానా ప్రోటీన్ అని ఇరవై రెండేళ్ళ కిందట నెలిదా చూపించింది. చూపించడమంటే, కణాల్లోని ప్రోటీన్లు అద్దిన అగ్గిపెట్టంత పొర మీద ఒక నల్లటి గీత. గాయపడిన కణాల్లో ఆ గీత కనిపించింది, మామూలు కణాల్లో కనిపించలేదు. ఒక విదేశీ పత్రిక దాన్ని అచ్చేసింది. పెద్ద పెద్ద దేశాల వాళ్ళు తమ వ్యాసాల్లో ఉర్తుబేయ్ పేరు ఎత్తారు. తన పాఠ్య పుస్తకంలో ఆవిడ దాన్ని నూట పన్నెండో పేజీలో పెట్టింది. ఆ పేజీ చెప్పే రోజున ఆవిడ గొంతు కాస్త మారేదని పాత విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ కథంతా ఆ గీత గురించే.

గీత కనిపించాలంటే యాంటీబాడీ కావాలి, అంటే ఆ ఒక్క ప్రోటీన్‌నే వెతికి పట్టుకునే మందు. అది విదేశాల నుంచి రావాలి, వచ్చాక మూడు నెలలు కస్టమ్స్ గోదాములో ఎండలో మగ్గాలి. అందుకని మా వైపు ప్రయోగశాలల్లో ఒక అలవాటుంది. ఒకసారి వాడిన యాంటీబాడీ నీళ్ళను పారబోయరు. మళ్ళీ గొట్టంలో పోసి, ఫ్రీజరులో దాచి, పది పన్నెండు సార్లు వాడతారు. పొరలనూ అంతే, కడిగి మళ్ళీ వాడతారు. వాడిన టీ పొడినే మళ్ళీ మరిగించుకునే ఇల్లాలి తీరు ఇది. నవ్వేవాళ్ళు నవ్వండి, గతిలేని చోట విజ్ఞానం అలాగే నడిచింది.

ఆవిడ దగ్గర చివరి పరిశోధక విద్యార్థిని అబ్రిల్ సొరూకో. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. పాత గీతను మళ్ళీ తీసి, అక్కడి నుంచి తన థీసిస్ మొదలుపెడదామనుకుంది. ఇన్నేళ్ళలో ఆ గీతను ఎవరూ మళ్ళీ తీసి చూడలేదు, దాని మీద అంతస్తులు కట్టుకుంటూ పోయారంతే. అబ్రిల్ స్నేహితురాలు మోంతెవిదేయో నుంచి కొత్త యాంటీబాడీని మా జనం చంకలో పెట్టుకు తిరిగే మాతే ఆకు టీ థర్మాసులో మంచు ముక్కల మధ్య పెట్టి తెచ్చింది. సరిహద్దులో థర్మాసు మూత తీసి చూసేవాడు మా దేశంలో ఇంకా పుట్టలేదు.

కొత్త యాంటీబాడీతో గీత రాలేదు. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ రాలేదు. నాలుగోసారి ఫ్రీజరు అడుగున మంచులో కూరుకుపోయిన పాత గొట్టం తవ్వి తీసింది. దానితో గీత వచ్చింది, అచ్చం పుస్తకంలో ఉన్నట్టే.

"డాక్టరమ్మా, పాత గొట్టంలో రెండు యాంటీబాడీలున్నాయి," అంది అబ్రిల్, పొరల వైపే చూస్తూ. "అంతకు ముందు వేరే యాంటీబాడీ పట్టించిన పొర మీదే దీన్నీ పట్టించారు. మొదటిది కడిగినా పూర్తిగా పోలేదు. అది ఊడి మీ గొట్టంలో చేరింది. మీరు చూసిన గీత అది పట్టుకున్న వేరే ప్రోటీన్‌ది."

నెలిదా ఆ రెండు పొరలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. తర్వాత, "కడిగింది నేనే," అంది.

"థీసిస్ ఎప్పుడు పెట్టమంటే అప్పుడే పెడతాను. నాకు తొందర లేదు."

తొందర లేనిదల్లా అబ్రిల్ ఒక్కర్తికే. వచ్చే శుక్రవారం కళాశాల మండలి కూర్చుంటోంది. నెలిదాకు రిటైరయ్యాక ఎమెరిటస్ హోదా ఇచ్చే విషయం అందులో ఉంది. హోదా వస్తే ఆ వెనక గది ఆవిడదే, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం. రాకపోతే నెలాఖరుకు తాళం అప్పజెప్పాలి. మండలికి పంపిన కాగితంలో ఆవిడ ఘనతగా రాసిందల్లా ఆ గీతే. ఆవిడకు హోదా మీద మోజు లేదు, గది కావాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంకెక్కడికి వెళ్ళాలో ఆవిడకు నిజంగా తెలియదు.

విభాగంలో ఆవిడ తర్వాతివాడు బస్తెర్రికా. మనిషి లావు, నోరు దురుసు, మనసు మంచిది. నెలిదా జరిగింది చెప్పాక కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

"శుక్రవారం దాకా నోరు కుట్టేసుకో నెలిదా. సోమవారం పత్రికకు రాసుకో, తప్పయిందని చెంపలేసుకో, నీ ఇష్టం. ఇరవై రెండేళ్ళు ఆగిన నిజం నాలుగు రోజులు ఆగలేదా?"

"ఆగుతుంది."

"మరింకేం?"

"ఏం లేదు. అలిసిపోయాను."

ఆవిడ ఆగుదామనే అనుకుంది. ఇది మాత్రం దాచకుండా చెప్పాలి. ఆవిడ సత్యహరిశ్చంద్రుడి చెల్లెలేమీ కాదు. శుక్రవారం దాకా ఆగి, గది దక్కించుకుని, సోమవారం రాద్దామని ఉత్తరం కూడా తయారుచేసి సొరుగులో పెట్టుకుంది.

బుధవారం పొద్దున మౌఖిక పరీక్షలు. మా వైపు డిసెంబరంటే నడివేసవి, ఆ ఎండకు పైకప్పు పంకా వేడిగాలి విసురుతోంది. మా పరీక్షలు తలుపులు తెరిచే జరుగుతాయి. తమ వంతు రానివాళ్ళు వెనక గోడకు ఆనుకుని వింటూ ఉంటారు, నడవ నిండా ఇంకో నలభైమంది. బల్ల మీద తీగల గోళం ఉంటుంది. తిప్పితే అందులోంచి నంబరు వేసిన చెక్క గోలీ రాలుతుంది, ఆ నంబరే విద్యార్థి నొసటి రాత.

లౌతారో కిపిల్దోర్ వచ్చి నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళవాడు, కోత కాలంలో నిమ్మకాయల షెడ్డులో పెట్టెలు మోస్తూ చదువుకుంటున్నాడు.

"నాలుగోసారి కదూ నాయనా?" అంది నెలిదా.

"ఐదోసారి డాక్టరమ్మా. ఒకసారి మీరు సమ్మెలో ఉన్నారు. అది లెక్కలోకి రాదన్నారు గానీ చదివిన చదువు చదివినట్టే కదా."

వెనక ఎవరో నవ్వారు. లౌతారో గోళం తిప్పాడు. పద్నాలుగు రాలింది, కణాల మధ్య సంకేతాలు. అతని మొహం విచ్చుకుంది.

"అదృష్టవంతుడివోయ్," అన్నాడు బస్తెర్రికా. "డాక్టరమ్మ సొంత పొలంలో పడింది నీ గోలీ. ఇక దున్నుకో."

లౌతారో మొదలుపెట్టాడు. తడబాటు లేదు, నీళ్ళు నమలడం లేదు. దెబ్బ తగిలిన కణం, రెండు నిమిషాలు, కబురు మోసే ప్రోటీన్, ఉర్తుబేయ్ చూపిన గీత. అక్షరం పొల్లుపోకుండా నూట పన్నెండో పేజీ అప్పజెబుతున్నాడు. ఆవిడ ఆయాసం తీర్చుకోవడానికి ఆగే చోట తనూ ఆగుతున్నాడు. గొంతు మార్చే చోట గొంతు మారుస్తున్నాడు.

నెలిదా మనసులో లెక్క వేసుకుంది. ఏటా ఎనిమిది వందల మంది, ఇరవై రెండేళ్ళు. వాళ్ళంతా ఇప్పుడు కొండల్లో, చెరకు తోటల్లో, సరిహద్దు ఊళ్ళలో డాక్టర్లు. ఈ తప్పు వల్ల ఒక్క రోగికీ హాని జరగలేదు. జరిగి ఉంటే ఎప్పుడో బయటపడేది. వైద్యం చేసేటప్పుడు ఆ పేజీతో ఎవరికీ ఏ పనీ పడలేదు, అందుకే అది ఇన్నాళ్ళు బతికింది. తప్పు చేశానన్న దానికంటే ఆ సంగతే ఆవిడకు ఎక్కువ నొప్పి పెట్టింది.

"చాలు నాయనా," అంది.

లౌతారో ఆగిపోయాడు. "ఇంకా ఉంది డాక్టరమ్మా. చివరి పేరా కూడా వచ్చు."

"వచ్చని తెలుసు. అది తప్పు."

అతను ఒక అడుగు ముందుకేశాడు. "ఎక్కడ తప్పానండీ? కావాలంటే మళ్ళీ మొదటి నుంచి చెబుతాను. ఒక్క అవకాశమివ్వండి."

"నువ్వు ఎక్కడా తప్పలేదు. నేను తప్పాను."

"నెలిదా," అన్నాడు బస్తెర్రికా మెల్లగా. "శుక్రవారం ఎల్లుండే కదా."

ఆవిడ అతని వైపు చూడలేదు. "ఆ గీత ఆ ప్రోటీన్‌ది కాదు. పొర సరిగ్గా కడగక వచ్చిన గీత. నేను కడిగాను, నేను చూశాను, నేనే రాశాను. అబ్రిల్ సొరూకో అది తప్పని తేల్చింది. నీకు పదికి ఎనిమిది మార్కులు వేస్తున్నాను. వెళ్ళు, వెళ్ళి నిద్రపో."

లౌతారో వెళ్ళలేదు. పాసయ్యాడో లేదో అతనికి అర్థం కాలేదు. వెనక గోడ దగ్గర గుసగుసలు మొదలై తలుపు దాటి నడవలోకి పాకాయి. పుస్తకాల పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. నెలిదా బల్ల పట్టుకుని లేచి గుమ్మం దాకా నడిచింది.

"నూట పన్నెండో పేజీ కొట్టేయండి," అంది నడవలో ఉన్నవాళ్ళతో.

ఒక అమ్మాయి కలం తీసి, పుస్తకం గోడకు ఆనించి పట్టుకుంది. "కొట్టేసి ఏం రాయమంటారు డాక్టరమ్మా? కబురు మోసేది ఏది మరి?"

"తెలియదు."

"తెలియదని రాయమంటారా?"

"అదే రాయండి."

"పరీక్షలో అడిగితే?"

"తెలియదని చెప్పండి. ఆ ఒక్క ప్రశ్నకు పాస్ చేస్తాను."

ఎవరూ నవ్వలేదు. నలభై కలాలు కాగితం మీద గీసిన చప్పుడు ఆవిడ నిలబడి మొత్తం విన్నది. ఏడవాలని లేదు. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. తిరిగి వచ్చి కుర్చీలో కూలబడింది.

బస్తెర్రికా జాబితా కాగితం సర్దుతూ, ఆవిడకొక్కదానికే వినబడేలా అన్నాడు. "ఆ నడవలో మండలి సభ్యుల పిల్లలే ముగ్గురున్నారు. సాయంత్రానికల్లా అందరికీ చేరిపోతుంది. గది పోయినట్టే, తెలుసుగా?"

"తెలుసు."

"మధ్యాహ్నం పూట ఏం చేస్తావింక?"

నెలిదా ఆలోచించింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"తెలియదు," అంది. "తర్వాతి పేరు పిలువు."