బండి ముక్కు మూసిన ఫ్లెక్సీ

మా క్యారవాన్‌ను చూసి దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతివాడూ అడిగేది ఒకటే: "లోపల ఏ హీరో ఉన్నడన్నా?" ఆ రోజు లోపల ఉన్నది మా అమ్మ. తుంటి ఆపరేషన్ తర్వాత ఎక్కువసేపు కూర్చోలేదు, పడుకునే ప్రయాణం చేయాలి. కర్మన్‌ఘాట్ పక్కన మా తాత భూముల్లో ఇప్పుడు ఎవరెవరివో కాలనీలున్నాయి. చివరికి మిగిలిన ప్లాటు అమ్మి నేను కొన్నది ఈ డీజిల్ బండి. యాత్రలకు కిరాయికి తిప్పుతాను. స్టీరింగు ముందు కూర్చునేదీ నేనే. అంత భూములున్న ఇంటివాడు చేయాల్సిన పని కాదని చుట్టాలు గొణుగుతారు. గొణగనీ.

పెద్ద అంబర్‌పేట్‌లోని ఫంక్షన్ హాల్లో మా చెల్లెలి కూతురి పెళ్లి. మేనమామగా పిల్లను గంపలో మండపానికి తేవాల్సింది నేను. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు మనవరాలి ఎదుట ఉండాలన్నది అమ్మ కోరిక. పొద్దున మా చెల్లెలి భర్త ఇద్దరు మనుషుల్ని పూలదండలతో పంపాడు. పెళ్లి బండికి పూలు కట్టడం మామూలే కదా, కట్టుకోమన్నాను. వెనక తలుపు దగ్గర నేను అమ్మను పరుపు మీదికి చేర్చేలోపు వాళ్లు పని ముగించి వెళ్లిపోయారు.

కొత్తపేట దాటేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేవసాగింది. ఎల్బీ నగర్ చౌరస్తాకు ముందు ట్రాఫిక్ ఆగిపోయింది. ఏసీ కట్టేశాను. ఇంజిన్ వేడిని కొంతైనా లాగుతుందని హీటర్ పూర్తిగా తిప్పాను. నడి వేసవిలో, పట్టుచీర కట్టుకున్న ముసలావిడ మీదికి వేడిగాలి!

"ఏందిరా, నన్ను ఉడకవెట్టి తీస్కపోతవా?" అంది అమ్మ.

ముల్లు ఎర్ర గీతను తాకింది. ఎడమకు తీసి ఇంజిన్ ఆపేశాను.

దిగి ముందుకు వెళ్లి చూస్తే, బానెట్ కింద జాలీ మొత్తాన్ని కప్పేస్తూ ఒక ఫ్లెక్సీ. డ్రైవర్ సీట్లోంచి కనిపించని చోటు. అందులో తెల్ల చొక్కాతో, చేతులు జోడించి, మా చెల్లెలి భర్త. పక్కన ఆయనగారి లీడరు. మూలన వేలెడంత పెళ్లికూతురు, పెళ్లికొడుకు. నాలుగు వైపులా బైండింగ్ వైరుతో బిగించారు. రేడియేటర్‌కు గాలి అందే దారి అదే. నా ఒళ్లు మండిపోయింది. మా తాత తన జీపుకు పార్టీ జెండా కూడా కట్టనివ్వలేదు. ఈయన నన్ను ఒక్క మాట అడక్కుండా నా బండిని ప్రచారం గోడ చేశాడు.

జనం పోగయ్యారు. ఒకాయన రేడియేటర్ మూత మీదికి చెయ్యి చాపాడు. "మూత తీసి సల్లనీళ్లు పొయ్యన్నా, అయిపోతది."

"చెయ్యి తియ్యవయ్యా! మొఖం కాలుతది!" అని అరిచాను.

ఇంకొకాయన ఫోన్లో వీడియో తీస్తూ నవ్వుతున్నాడు. అందులో నవ్వడానికి ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంతలో చెల్లెలి భర్త ఫోన్ చేశాడు. "బావా, ముహూర్తం దగ్గరవడ్డది. కారు పంపిస్త, నువ్వొచ్చెయ్. అత్తమ్మ నిమ్మళంగ వస్తది."

"నిమ్మళంగ అంటే? పెండ్లి అయినంకనా?"

"గట్ల కాదు బావా, నువ్వు లేకుంటే పిల్లను ఎవరు తెస్తరు?"

"తల్లిని రోడ్డు మీద ఇడిసిపెట్టి వచ్చే మేనమామను ఇంకోకాడ దేవులాడుకో," అని ఫోన్ పెట్టేశాను.

ఫ్లెక్సీలో ఎవరి బొమ్మ ఎక్కడుందో అమ్మకు చెప్పి, పక్కనే కొబ్బరిబోండాలు అమ్మే ఆవిడను కత్తి అడిగాను. ఫ్లెక్సీని నిలువునా చీల్చబోతుంటే కిటికీలోంచి అమ్మ అరిచింది. "ఆగురా! పెండ్లినాడు పెండ్లిపిల్ల బొమ్మ చింపుతవా?"

"మరేం చెయ్యాలమ్మా? దీనివల్లనే ఇంజన్ ఉడికింది."

అమ్మ కిటికీలోంచి చెయ్యి చాపింది. "గా మూలకున్న పిల్లను, పిలగాన్ని కోసి నాకియ్యి. మిగిలినోళ్లతోని నాకు పని లేదు."

బోండాలావిడ పకపకా నవ్వింది. "పెద్దమ్మా, అల్లుడు గంత మంచిగ దండం వెడుతుండు, గాయనను కొయ్యాల్నా?"

"కొయ్యమను బిడ్డా. కడుపు సల్లగైతది."

కోసి ఆ ముక్క అమ్మకిచ్చి, మిగతాది పీకేశాను. ఇంజిన్ చల్లారేదాకా ఆగి, మూతకు తువ్వాలు చుట్టి మెల్లగా తిప్పి, తగ్గిన కూలెంట్ నింపాను. స్టార్ట్ చేశాక ముల్లు మధ్యకు వచ్చి నిలబడింది. ఏసీ లేకుండా, కిటికీలు తెరిచి, హయత్‌నగర్ మీదుగా పోయాం.

హాలు ముందు చెల్లెలి భర్త ఎదురొచ్చాడు. చూసింది అమ్మను కాదు, బండి ముక్కును. "ఫ్లెక్సీ ఏది బావా?"

"ఊరందరికి పెట్టే దండం ముందు మీ అత్తమ్మకు పెట్టు," అన్నాను. పెట్టాడు.

లోపల పంతులు పిల్లను తెమ్మని కేకలు వేస్తున్నాడు. ముందు వరుసలో లీడరు కోసం వేసిన సోఫాను పక్కకు జరిపించి, బండిలో తెచ్చిన చక్రాల కుర్చీలో అమ్మను అక్కడ కూర్చోబెట్టాను. అప్పుడు వెళ్లి గంప ఎత్తాను.