తాంగ్ మేస్త్రీ టేపు

మా తాంగ్ మేస్త్రీకి విదేశీ వస్తువు కంటబడితే, కొలిచేదాకా అన్నం సయించదు.

చైనాలో, వూషీ ఊళ్ళో మా మేజోళ్ళ మిల్లు గేటుకి ఆ ఏడాది "విదేశాల నుంచి నేర్చుకుందాం" అని ఎర్రగుడ్డ కట్టారు. ఆ మాటని అందరికన్నా గట్టిగా పట్టుకున్నది ఈయనే. జపాను అతిథి గొడుగు కొలిచాడు. ఇటలీ ఆవిడ టోపీ, ఆవిడ నెత్తిమీద ఉండగానే కొలిచాడు.

"ఎందుకండీ మేస్త్రీగారూ?" అంటే, "ఏమో, పనికొస్తుందేమో!" అనేవాడు.

తర్వాత జర్మనీ నుంచి పన్నెండు అల్లిక మిషన్లు దిగాయి. అందరూ మిషన్ల చుట్టూ మూగితే ఈయన అవి వచ్చిన చెక్కపెట్టెల్ని కొలుస్తున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పైనున్న దారం కొక్కేలు నా చేతికి అందకుండా జానెడు ఎత్తున ఉన్నాయి. నాలాంటి పొట్టివాళ్ళు ఇంకో అయిదుగురు.

"మిషన్ల కాళ్ళు కోసి కిందకి దించితే పోలా?" అన్నాడు మేస్త్రీ.

"ముట్టుకుంటే గ్యారంటీ పోతుందయ్యా!" అన్నారు మా మిల్లు పెద్ద, పాన్ డైరెక్టరు. "పీటలు చేయిద్దామంటే సర్కారు మనకిచ్చే కోటాలో చెక్క లేదు. అందనివాళ్ళు సోమవారం నుంచి వంటశాలలో గిన్నెలు తోముకోవాల్సిందే."

ఆరేళ్ళు నేర్చుకున్న పని నాది. ఏడుపొచ్చింది.

శనివారం, మిషన్లు బిగించడానికొచ్చిన జర్మను ఇంజనీరుకి విందు. మా వైపు తాగేముందు కప్పుకి కప్పు తాకించేటప్పుడు ఎదుటివాళ్ళ కప్పు కన్నా కిందకి పట్టడం మర్యాద. ఆయనకీ అది నేర్పి తీసుకొచ్చారు. మేస్త్రీ కప్పు దించాడు. ఆయన ఇంకా దించాడు. నడుము దాటింది, మోకాళ్ళు దాటింది, చివరికి ఇద్దరూ నేలమీద గొంతుక్కూర్చున్నారు. ఆయన ఓడిపోయి పైకి లేచి నిలబడగానే, మేస్త్రీ కిందనుంచే టేపు లాగి బూటు నుంచి మోచేతి దాకా కొలిచేశాడు.

"నూట పద్దెనిమిది సెంటీమీటర్లు!" అని కేక.

"పరువు తీశావు కదయ్యా!" అని డైరెక్టరు తల పట్టుకున్నారు. ఆ జర్మను మాత్రం పడీ పడీ నవ్వి, తన జేబులోంచి ఇనప టేపు తీసి మేస్త్రీని తిరిగి కొలిచాడు.

సోమవారం ఏడుస్తూనే వచ్చాను. చూస్తే ఆరు మిషన్ల ముందు ఆరు చెక్క పీటలు, ఒక్కోటి ఒక్కో ఎత్తు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. అన్నీ ఆ జర్మను పెట్టెల చెక్కతో చేసినవే. అన్నిటికన్నా ఎత్తయినది నాదే.

"ఆ మిషను ఆ జర్మనాయన ఎత్తు మనుషులకి చేసిందే పిల్లా! ఎవరికి ఎంత తక్కువైందో చూడాలంటే ఆయన్ని కొలవొద్దూ?" అన్నాడు మేస్త్రీ.

ఎక్కాను. కొక్కెం చేతికి సరిగ్గా అందింది.

"మరి నన్నెప్పుడు కొలిచారండీ?"

"ఆరేళ్ళుగా నా భుజం కింద నిలబడి వాగుతున్నావు. నీకు టేపెందుకే, పొట్టిదానా!"