ముక్కులేని లారీ

భీమ్‌రావు ముప్పై ఏళ్లు ముక్కు లారీ నడిపాడు. ఇంజన్ ముందుకు పొడుచుకొచ్చిన ఆ పాత బండిని పోయిన నెల షావుకారు అమ్మేసి, ఇంజన్ మీదే క్యాబిన్ కూర్చున్న చదును మొహం లారీ కొన్నాడు. అప్పటినుంచి భీమ్‌రావుకు దానిమీద కోపమే. పొద్దున్నే అందులోని దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి దండం పెడతాడు, ఆ చేత్తోనే డోరు దబ్బున వేస్తాడు. పాత లారీ ముక్కు ముందు మనిషి వంగితే కనపడేది కాదు. అందుకే బండి కదిలించేముందు దిగి చూడటం అతని అలవాటు. ఆర్మూరు పసుపు యార్డులో ఇవాళ కూడా దిగబోయాడు.

"అద్దంలకెళ్లి అంతా కనవడుతది గద, దిగుడెందుకు కాకా? జల్ది తియ్యి," అని వెనక లారీ డ్రైవర్ ప్రేమ్‌చంద్ నవ్వాడు.

"నోర్ముయ్. గీ రేకు డబ్బాను నేను నమ్మ."

దిగి చూస్తే, అద్దానికి అందని చోట, బంపర్ కిందే, రోజూ యార్డుకొచ్చే ముసలి రత్నవ్వ వంగి రాలిన పసుపు కొమ్ములు ఏరుకుంటోంది. భీమ్‌రావు గట్టిగా అరిచాడు.

"చెవులు పోయినయా అవ్వా? జరైతే టైరు కింద పడుతుంటివి."

"ఇంజన్ సప్పుడు ఇన్న బిడ్డా. నువ్వు దిగి చూస్తవని ఎరికే గద," అందామె, తల ఎత్తకుండానే.

తిడుతూనే అతడు టైరు పక్కనున్న నాలుగు కొమ్ములు ఏరి ఆమె కొంగులో వేశాడు. తర్వాత ఎక్కి, డోరు దబ్బున వేశాడు.