జనరల్ తాత కొట్టిన మేకు

మలుపు దగ్గర బూట్లు బాగుచేసే ముసలాయన కూర్చుంటే బల్ల వెనక కనబడడు, నిలబడితే మన భుజానికొస్తాడు. అయినా వీధంతా ఆయన్ని ‘జనరల్ తాత’ అంటుంది. మీసం మొలవకముందే వాళ్ళ నాన్న బూట్లలో తోలుముక్కలు కుక్కుకుని, యుద్ధానికి పోతానని వరసలో నిలబడ్డాడట. "బూట్లు విప్పు" అన్నాడు ఆఫీసరు. అంతే, జనరల్ బెత్తెడు తగ్గిపోయాడు. ఈ కథ అడక్కుండానే చెప్పి నవ్విస్తాడు. పెద్దయ్యాక వచ్చిన ఇంకో యుద్ధానికి నిజంగానే వెళ్ళొచ్చాడు. దాని ఊసెత్తితే మాత్రం నోట్లో మేకులు పెట్టుకుంటాడు, ఇక మాట రాదు.

మొన్న పక్కింటి కుర్రాడు, పదహారైనా నిండనివాడు, మీసం పెన్సిల్‌తో దిద్దుకుని వచ్చాడు. "తాతా, మళ్ళీ యుద్ధమట. రేపు సైన్యంలోకి ఎంచుకుంటున్నారు. హీలు రెండు వేళ్ళు పెంచవూ?" తాత మేకులు కొట్టి పెంచాడు. మర్నాడు కుర్రాడు కుంటుకుంటూ వచ్చి, బూటు బల్లమీద విసిరికొట్టాడు. "ఎత్తు కొలుస్తుంటే అందరి ముందూ హీలు ఊడిపోయింది! పాలు తాగి పెరిగి రమ్మన్నారు!"

ఇన్నేళ్ళలో జనరల్ తాత కొట్టిన మేకు ఊడగా వీధిలో ఎవరూ చూడలేదు.

"ఏం చెయ్యనురా మనవడా, కళ్ళు ఆనడం లేదు" అని నిట్టూర్చి, తాత సూదిలోకి ఒక్కసారికే దారం ఎక్కించాడు.