ఆరు సున్నాలు, ఒక మూడు

నేను చెప్పే కథలను మా ఇంట్లోవాళ్ళే సగానికి తగ్గించి వింటారు. అయినా మందు తయారీ వివరాలన్నీ రాసే బ్యాచ్ రికార్డు మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

1999లో ఆటోనగర్ దగ్గర ఒక చిన్న మందుల కంపెనీలో ఫార్ములేషన్ మేనేజరుగా చేరాను. మందుపొడిని మాత్రగా మలిచే విభాగమది. క్యాన్సర్ చికిత్సలో వచ్చే వాంతులను ఆపే మందును, నీళ్ళు అక్కర్లేకుండా నాలుక మీద అర నిమిషంలో కరిగే మాత్రగా చేయమన్నారు. మందు పరమ చేదు. ఆ పొడి మీసానికి అంటిందంటే మూడు రోజులు పెరుగన్నం కూడా చేదెక్కేది. అందుకని దాన్ని రెజిన్ అనే సన్నటి రేణువులకు పట్టించాం. ఆ పట్టు నోట్లో నిలవాలి, కడుపులో వదలాలి.

రుచి పరీక్షకు మా ఉద్యోగులే ఏడుగురు. మాత్రను నాలుక మీద కరిగించి, ఉమ్మేసి, నోరు పుక్కిలించి, చేదు లేకపోతే సున్నా, భరించలేకపోతే మూడు వేయాలి. ఆ రోజు జనరల్ మేనేజరుగారు స్వయంగా వచ్చి, పెళ్ళి విందులో వడ్డన చూసుకునే పెద్దమనిషిలా ఒక్కొక్కరి దగ్గరా ఆగి, "ఎలా ఉందండీ?" అని అడిగారు. మా వైపు అలా అడిగితే ఒక్కటే జవాబు, "బాగుందండీ." స్టోర్స్ ఆఫీసరు ప్రసాదరావుకి కాగితం మీద కలం పెట్టేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా సున్నాయే వేశాడు.

ఏడో కాగితం ప్యాకింగ్ సూపర్‌వైజరు మార్తమ్మది. రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేది. పది నిమిషాలు కదలకుండా కూర్చుని, మూడు వేసింది.

ఆమె అక్క అప్పుడు అదే చికిత్సలో ఉంది. మామూలు మాత్ర వేస్తే నీళ్ళతో సహా బయటికే. ఇక ఆసుపత్రికి రానని మొండికేసింది. మా మాత్ర కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూసింది మార్తమ్మే.

"మూడు వేస్తే మళ్ళీ మొదటికొస్తాం. ఆలస్యం మీ అక్కకే కదమ్మా," అన్నారు జి.ఎం.గారు.

"కరిగేటప్పుడు తియ్యగానే ఉందండీ. ఊసేశాక నిదానంగా ఎక్కుద్ది చేదు. మీరంతా ఊసేసి టీకి పోతున్నారు. మా అక్క ఎక్కడికి పోద్దండీ, మంచం మీదే ఉంటది. ఒక్కసారి కక్కిందంటే ఇంక ఆ డబ్బా మొహం చూడదు."

మిగిలినవాళ్ళకు మళ్ళీ మాత్రలిచ్చి, ఈసారి పది నిమిషాలు కూర్చోబెట్టాం. క్యాంటీన్‌లో మజ్జిగంతా అయిపోయింది. నోట్లో మిగిలిపోయిన రేణువుల్లో, లాలాజలంలోని లవణాలు రెజిన్ పట్టును మెల్లగా సడలిస్తున్నాయని పరీక్షల్లో తేలింది.

కడుపులోని ఆమ్లానికే కరిగే పలుచని పూత ఆ రేణువులకు కుదరడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆలోపు మార్తమ్మ ప్రతి విడతకూ సెలవు పెట్టి, అక్కను బతిమాలి తీసుకెళ్ళి, వాంతులకు సూదిమందుతోనే నెట్టుకొచ్చి చికిత్స పూర్తి చేయించింది. మా మాత్ర ఆ అక్కకు అందనే లేదు.

ఆ తరువాత నా ఉద్యోగమంతా రుచి పరీక్ష గదిలోకి ఏ అధికారినీ రానివ్వలేదు. కాగితాలు మూసిన కవర్లలో తీసుకున్నాను. పదో నిమిషంలో కూడా మార్కు వేయించాను. నేర్చుకున్నది అంతే.

ఇక కల్పించినదేమిటో చెప్పాలి. మీసం మీద చేదు ఒక్క రోజే ఉండేది. ప్రసాదరావు అనే మనిషి మా కంపెనీలో లేడు. ఆ సున్నా వేసింది నేనే.